మూగబండ కింద గంట

మాకు చలికాలం మొదలయ్యే జూన్ నెలలో మొదటి శనివారం పొద్దున్నే మా మామగారు కోడిపుంజు మెడ విరిచి తెచ్చి నా చేతిలో పెట్టారు.

"కసుయేలా పులుసు పెట్టెయ్, కోడలా. ఇవాళ్టి నుంచి సెప్టెంబరు దాకా ఈ స్టేషన్లో కూసేది ఏదీ ఉండకూడదు," అన్నారు గుసగుసగా.

నేను పెళ్ళయి ఆ కొండమీదికి వచ్చి మూడు నెలలే అయింది. మాది కింద మైదానంలో సాన్ ఫెలీపే. ద్రాక్షతోటలో ఈ చివర్నుంచి ఆ చివరికి కేకలేసుకుంటూ పెరిగినదాన్ని. ఆయన వేళాకోళమాడుతున్నారనుకుని పగలబడి నవ్వాను. నా నవ్వు ఈ వయసులో కూడా వీధి చివరికి వినపడుతుంది. అప్పుడు ఇరవై రెండేళ్ళు, ఇక చెప్పాలా. మామగారు ఒక్క అంగలో వచ్చి అరచెయ్యి నా నోటికి అడ్డం పెట్టారు. ఆ చెయ్యి నెత్తురు వాసన, ఈకల వాసన వేసింది. ఆయన నన్ను చూడటం లేదు. కిటికీలోంచి కొండను చూస్తున్నారు. అంత పెద్దమనిషి కొండకి అలా భయపడుతుంటే నాకు అక్కడ మొదటిసారి భయం వేసింది.

మా స్టేషన్ పేరు పెన్యా మూదా, అంటే మూగబండ. చిలీ నుంచి అర్జెంటీనాకు కొండలమీదుగా పోయే రైలుదారిలో ఆరిళ్ళు, ఒక ప్లాట్‌ఫారం, నీళ్ళ ట్యాంకు, దూలానికి వేలాడే ఇత్తడి గంట. నెత్తిమీద నల్లబండ. బండపైన మంచు వాలు. స్టేషన్‌కి కిందుగా ముప్పావు కిలోమీటరు దూరంలో, పట్టాలమీద మంచు పడకుండా దుంగలతో కట్టిన పొడుగాటి కప్పు ఉండేది. మేమంతా దాన్ని కొట్టం అనేవాళ్ళం. లోపల పట్టపగలు కూడా చీకటే.

అప్పటికి పదకొండేళ్ళ క్రితం, ఆ కొట్టం కట్టకముందు, సరిగ్గా అక్కడే మంచు విరిగిపడి ఒక ఇంజన్‌నూ నలుగురు పట్టాల పనివాళ్ళనూ మింగేసింది. ఆ నలుగురిలో మా ఆయన అన్న నికనోర్ ఒకడు. ఇంజన్ డ్రైవరు ఫ్లోరెన్సియో కూడా పోయాడు. పనివాళ్ళ మేస్త్రీ మా మామగారు, బౌదీలియో. ఆ రోజు కాపలా ఆయనదే. కళ్ళారా చూసి బతికి ఉన్నది ఆయనొక్కడే. బండ కిందికి రాగానే డ్రైవరు కూత వేశాడనీ, ఆ కూతకి కొండ మేలుకుందనీ ఆయన చెప్పారు. ఆయన మాటమీదే మా నియమం పుట్టింది. చలికాలమంతా కింది మలుపు నుంచి పై సొరంగం దాకా ఏ రైలూ కూత వెయ్యదు. స్టేషన్ గంటకి గొర్రెతోలు చుట్టి తాడుతో బిగిస్తారు. కుక్కల్ని మైదానానికి పంపేస్తారు. పిల్లలు సైతం ఏడుపు మింగడం నేర్చుకున్నారు. పట్నం నుంచి వచ్చిన ఇంజనీర్లు మొదట నవ్వారట, తర్వాత వాళ్ళే కాగితం మీద సంతకం పెట్టారు. ఆ పదకొండేళ్ళలో మళ్ళీ ఎవరూ చావలేదు గనుక మామగారు ఎదురైతే డ్రైవర్లు టోపీ తీసేవారు.

మా ఆయన ఎలాదియో ఆ మేస్త్రీ కిందే పట్టాల పని చేసేవాడు.

"నీతో పోట్లాడాలంటే నేను సెప్టెంబరు దాకా ఆగాలా?" అని అతని చెవిలో అడిగాను ఆ సాయంత్రం.

"రాసి పెట్టుకో. అన్నీ కలిపి ఒకేసారి అందువుగాని," అన్నాడు.

"అప్పటికి పుస్తకం అవుతుందయ్యా."

"అయితే నేను చదవను."

నవ్వొచ్చింది. దిండులో మొహం దాచుకుని నవ్వాను. ఆ తర్వాత నుంచి నిద్దట్లో ఎక్కడ నవ్వుతానో, ఎక్కడ అరుస్తానో అని భయమేసి మూతికి గుడ్డ కట్టుకుని పడుకునేదాన్ని. ఒక్కోసారి పైనుంచి మూలుగులాంటి చప్పుడొకటి వచ్చేది. ఎలాదియో నా చెయ్యి పట్టుకునేవాడు. ఇద్దరం ఊపిరి బిగబట్టి అది ఆగిపోయేదాకా అలాగే ఉండేవాళ్ళం.

జూన్ పదిహేడున పదిహేడు మంది ప్రయాణికులతో అర్జెంటీనాలోని మెందోసాకి వెళ్ళే రైలు మా దగ్గరికి వచ్చి ఆగింది. పైన దారి మూసుకుపోయింది. తెల్లారేసరికి కింద కూడా మూసుకుపోయింది. మంచు ఆగకుండా కురిసింది, కిటికీలు సగం దాకా పూడిపోయాయి, ఇరవయ్యో తేదీన టెలిగ్రాఫ్ తీగ తెగింది. తీగ తెగేముందు వచ్చిన ఆఖరి కబురు ఇపోలితో అనే మా స్టేషన్ మాస్టరు అందరికీ చదివి వినిపించాడు. ముందు భాగంలో నాగలి ముక్కులాంటి ఇనుప రేకు కట్టిన బండి ఒకటి ఉండేది మాకు. రెండు ఇంజన్లు వెనకనుంచి తోస్తే అది మంచును చీల్చుకుంటూ వస్తుంది. ముక్కుబండి అనేవాళ్ళం. అది సాన్ పేద్రో పండగ వెళ్ళాకే, అంటే ముప్పయ్యో తేదీనే, కింద నుంచి బయల్దేరుతుందని ఆ కబురు.

ప్రయాణికుల్లో మా ఇంటికి వచ్చినావిడ మెందోసాలో రొట్టెల కొట్టు నడిపే దోన్యా ఎదెల్మీరా, అంటే ఎదెల్మీరా అమ్మగారు. దిట్టమైన మనిషి, దిట్టమైన గొంతు. ఆవిడతో గుసగుసలాడించడం మా వల్ల కాలేదు.

"మీ చిలీ వాళ్ళకి టీ కూడా దొంగతనంగా తాగే అలవాటా ఏంటమ్మా?" అంది మొదటిరోజే.

"నెమ్మదిగా, దోన్యా. కొండ వింటుంది," అన్నాను.

"వింటే విననీ. నాలుగు మంచిమాటలు వింటుంది."

నాలుగో రోజు ప్లాట్‌ఫారం మీద ఆవిడకి తుమ్ము వచ్చింది. చిన్న తుమ్ము కాదు, కిటికీ అద్దాలు అదిరేంత తుమ్ము. అక్కడ ఉన్న పదిమందీ ఎక్కడివాళ్ళం అక్కడే కొయ్యబారిపోయాం. పార పైకెత్తినవాడు ఎత్తినట్టే ఉన్నాడు. అందరి కళ్ళూ వాలు మీదికి పోయాయి. ఎంతసేపు నిలబడ్డామో తెలియదు. పైన ఏమీ కదల్లేదు. మామగారు వచ్చి ఆవిడ ముందు నిలబడి, తన మెడ శాలువా తీసి ఇచ్చారు.

"తుమ్మొస్తే ఇందులో తుమ్మండి, సెన్యోరా," అన్నారు.

ఆవిడ ఆయన మొహం చూసి శాలువా మెడకి చుట్టుకుంది. ఆ సాయంత్రం నాతో మాత్రం అడిగింది. "ఆ కూత నువ్వు విన్నావా?"

"నేను అప్పుడు ఇక్కడ లేనుగా. మావయ్య విన్నారు."

"ఆయన కాకుండా ఇంకెవరు విన్నారు?"

"విన్నవాళ్ళంతా పోయారు," అన్నాను. పచ్చిగా అడుగుతుందేమిటి ఈవిడ అని నాకు కోపం వచ్చింది కూడా.

ఇరవై ఎనిమిదో తేదీకి చిక్కుడుగింజలు అయిపోయాయి. మిగిలింది వేయించిన గోధుమపిండి. దాన్నే వేడినీళ్ళలో కలిపి అందరికీ తలా ఒక గిన్నె పోశాం. ఇక ముక్కుబండి వచ్చేలోపు కొట్టం లోపల పేరుకున్న మంచు తవ్వి పెట్టాలి. లేకపోతే అది వేగంగా వచ్చి ఆ గడ్డను గుద్దితే దుంగలు కూలిపోతాయి. ఆరుగురు పనివాళ్ళలో ఒకడికి కాలివేళ్ళు చచ్చుబడ్డాయి. మిగిలింది ఐదుగురు. ఎప్పుడూ ఒకడు కొట్టం కింది వైపున ఎర్రజెండా పట్టుకుని కాపలా ఉండాలి. ఆ రోజు ఒక్క మనిషిని కూడా వదులుకునే వీలు లేదు.

"సాన్ పేద్రో ఇంకా రేపేగా," అన్నారు మామగారు. "కింద నుంచి ఏదీ రాదు. ఐదుగురూ లోపలికి పొండి. నాకీ మోకాలు వాచి నడవలేను, ఇక్కడ ప్లాట్‌ఫారం మీద నుంచే చూస్తుంటాను."

కొట్టం పై మూతి కూడా పూడిపోయి ఉంది. ఒక మనిషి పాక్కుంటూ దూరేంత కన్నం తవ్వి అందులోంచి లోపలికి పోవాలి. ఎలాదియో వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, గాల్లో రాస్తున్నట్టు వేలు ఆడించాడు. నేను దుప్పటి లాక్కుంటున్నట్టు చూపించాను. నిన్న దుప్పటంతా అతనే లాక్కున్నాడని రాసుకున్నానని అర్థం. నవ్వుతూ వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం కావొస్తుండగా మామగారికి వేడి టీ తీసుకుని ప్లాట్‌ఫారం మీదికి వెళ్ళాను. పుయెల్చె గాలి, అంటే అర్జెంటీనా వైపు నుంచి కొండ దిగి వచ్చే గాలి, వీపు మీద తోస్తోంది. ఆకాశం తేటగా ఉంది. మామగారు గంట స్తంభాన్ని ఒక చేత్తో పట్టుకుని కిందికి చూస్తున్నారు. పిలిచాను. పలకలేదు. ఆయన చూపు ఎటుందో అటు చూశాను.

కింది మలుపు దగ్గర నల్లటి పొగ లేస్తోంది. దాని పక్కనే ఇంకొక పొగ. రెండు ఇంజన్లు. వాటి ముందు తెల్లగా పైకెగిరి పడుతున్న మంచు.

ముక్కుబండి. రెండు రోజుల ముందు. కడుపుకి లేక ఇక్కడ పదిహేడు మంది ఏమైపోతున్నారో అని కింద ఎవరో మంచి మనసున్న అధికారి పండగ దాకా ఆగలేదని తర్వాత తెలిసింది. తీగ తెగింది గనుక మాకు చెప్పే దారి లేదు. మలుపు దగ్గర కూత వేసి ఉంటే సరిపోయేది. వెయ్యలేదు. ఎలా వేస్తారు, వెయ్యొద్దని పదకొండేళ్ళుగా చెప్పింది మేమే కదా.

కొట్టం కింది మూతి మంచుతో పూడి ఉంది, లోపల చీకటి, పారల చప్పుడు. గాలి పైనుంచి కిందికి వీస్తోంది గనుక ఇంజన్ల రొద ఒక్క ముక్క కూడా మనవాళ్ళ వైపు పోదు. ముక్కుబండిలో ఉన్నవాళ్ళకి ఎగిరే మంచులో ముందేముందో కనపడదు. నడుముల్లోతు మంచులో నేను పరిగెత్తి పోవాలంటే అరగంట. ఆ పొగ కొట్టానికి చేరాలంటే పది నిమిషాలు, అంతకన్నా తక్కువే.

"మావయ్యా, గంట!" అన్నాను.

ఆయన పెదవులు కదిలాయి. మాట రాలేదు.

"మావయ్యా!" అని అరిచాను. ఆ చలికాలంలో నేను పూర్తి గొంతుతో అన్న మొదటిమాట అది. గంటకి చుట్టిన తోలు మీద చెయ్యి వేశాను. ఆయన నా మణికట్టు పట్టుకున్నారు. ముసలాయనే గానీ పట్టాలు మోసిన చెయ్యి.

"కొండ వింటుంది," అన్నారు.

వాలు వైపు చూశాను. ఎండలో మెరుస్తూ, మా ఆరిళ్ళ మీదికి, కొట్టం మీదికి వంగి ఉంది. గంట కొడితే అది వచ్చి పడొచ్చు. అప్పుడు కొట్టంలో ఐదుగురు, బండిలో ఉన్నవాళ్ళు, వెనక గదుల్లో పదిహేడు మంది, మేము, అందరం నా చేతుల మీదుగా పోతాం. కొట్టకపోతే ఐదుగురు. ఆ లెక్క ఇప్పుడు వెయ్యగలుగుతున్నాను. అప్పుడు నాకు ఒక్కడే కనిపించాడు, గాల్లో వేలితో రాస్తూ వెళ్ళినవాడు.

"వదలండి," అన్నాను. ఏడుస్తున్నాను. "మీకు దణ్ణం పెడతాను, వదలండి మావయ్యా."

ఆయన నా మొహంలోకి చూశారు. తర్వాత కింది పొగను చూశారు. మణికట్టు మీద వేళ్ళు ఒక్కొక్కటే వదులయ్యాయి. జేబులోంచి కత్తి తీసి నా చేతిలో పెట్టి, టైం ఎంతయిందో చెప్పినట్టు మెల్లగా అన్నారు.

"ఆ రోజు ఫ్లోరెన్సియో కూత వెయ్యలేదు."

ఆ మాట చెవిన పడింది గానీ బుర్రకెక్కలేదు. తోలు బిగించిన తాడు కోశాను. తోలు జారి పడింది. గంట మీద మంచు గడ్డ కట్టి ఉంది. మొదటి దెబ్బకి మొద్దుగా, కర్రను కొట్టినట్టు మోగింది. మూడో దెబ్బకి గడ్డ పగిలి రాలింది, నాలుగో దెబ్బ ఖంగుమని లోయంతా నిండిపోయింది. వాలు మీద నుంచి చూపు తిప్పకుండా కొట్టాను. చెప్పడానికి సిగ్గెందుకు, కాళ్ళ వెంట తడి కారింది. అయినా కొట్టాను.

జనం బయటికి వచ్చేశారు. స్టేషన్ మాస్టరు చెవులు మూసుకుని "ఆపు! అందర్నీ చంపుతావా!" అంటూ నా మీదికి వచ్చాడు. మామగారు అడ్డం నిలబడ్డారు. దోన్యా ఎదెల్మీరా మోకాళ్ళ మీద కూలబడి కార్మెన్ మాతను పిలిచింది. బండ అంచు నుంచి జల్లెడలోంచి పిండి రాలినట్టు సన్నగా మంచు జారింది. ఎవరో స్త్రీ కెవ్వుమంది. ఆ మంచు బండ నడుం దాకా వచ్చి ఆగిపోయింది.

కొట్టం పై మూతి దగ్గర నల్లటి చుక్క కనిపించింది. ఒక మనిషి. పాక్కుంటూ బయటపడి పక్క గట్టు మీదికి ఎగబాకాడు. వాళ్ళంతా ఆ నియమంలో బతికినవాళ్ళు. చలికాలంలో ఆ గంట మోగిందంటే చావు వచ్చేసిందనే అర్థం, అందుకే పారలు వదిలేసి వచ్చేశారు. రెండోవాడు. మూడోవాడు. కింద పొగ కొట్టం వెనక్కి వచ్చేసి కనపడటం మానేసింది. నాలుగోవాడు. కన్నంలో ఇంకెవరూ లేరు. నా చేతులు గంట తాడును లాగుతూనే ఉన్నాయి. నాలుగోవాడు గట్టు ఎక్కకుండా వెనక్కి వంగి కన్నంలోకి రెండు చేతులూ పెట్టి లాగుతున్నాడు. అప్పుడు ఐదోవాడి తల, భుజాలు. ఇద్దరూ కలిసి గట్టు మీదికి దొర్లారు. మరుక్షణం కొట్టం మూతి బద్దలై మంచు, పొగ, ఇనుప ముక్కు ఒక్కసారిగా బయటికి వచ్చాయి.

మిగతావాళ్ళను ముందు కన్నంలోకి తోసి ఆఖరున వచ్చినవాడు ఎలాదియో. ఒక బూటు లోపలే పోయింది.

గంట ఆపాను. ముక్కుబండి బుసలు కొడుతూ ప్లాట్‌ఫారం పక్కకి వచ్చి ఆగింది. ఎవరూ దాని వంక చూడలేదు. అందరం పైకి చూస్తున్నాం. ఎదురుచూశాం. కొండ కదల్లేదు.

"ఏమీ కాలేదేంటి?" అంది దోన్యా ఎదెల్మీరా, తన మామూలు గొంతుతో.

తలలు ఒక్కొక్కటే మామగారి వైపు తిరిగాయి. ఆయన వంగి, కింద పడిన గొర్రెతోలు తీసి దులిపి మడత పెడుతున్నారు.

ఆ సాయంత్రం వెలుతురుండగానే మా వంటింట్లో బల్ల దగ్గర ఆయన చెప్పారు. ఎలాదియో పాదాలకి నేను గుడ్డలు చుడుతున్నాను.

"ఆ రోజు నా మెడలో కొమ్ము ఉంది. ఊదడానికే నన్ను అక్కడ పెట్టారు. వాలు మీద దారం లాంటి చీలిక కనిపించింది. కొమ్ము నోటి దగ్గర పెట్టుకున్నా. ఊపిరి రాలేదురా. భయంతో ఊపిరి రాలేదు. వచ్చేసరికి అంతా అయిపోయింది. జనం వచ్చి ఏమైంది మేస్త్రీ అని అడిగారు. ఏదో ఒకటి చెప్పాలిగా. చచ్చినవాడు కాదనడు కదా."

ఎలాదియో నా చేతుల్లోంచి కాలు వెనక్కి లాక్కున్నాడు. తర్వాత ఒక్కటే అడిగాడు.

"నువ్వు ఊది ఉంటే అన్నయ్యకి వినపడేదా?"

"వినపడేది."

ఎలాదియో లేచి, గుడ్డలు చుట్టిన కాళ్ళతోనే ముక్కుబండి వాళ్ళ రైలుపెట్టెలోకి వెళ్ళిపోయాడు. మర్నాడు ప్రయాణికులతో పాటు నన్నూ తీసుకుని కిందికి దిగాడు. మళ్ళీ ఆ ఇంటి గడప తొక్కలేదు. మేం దిగిన మూడో రోజు, గంటలూ కూతలూ ఏమీ లేకుండా, ఎండ కాస్తుండగా ఆ వాలు తనంతట తనే విరిగి కొట్టం మీద పడిందట. కింద ఎవరూ లేరు.

అక్టోబరులో దారి తెరిచాక మామగారు మొదటి రైలుకి కింద లోస్ ఆందెస్ ఊళ్ళో దిగారు. అక్కడ మేం ఉంటున్న ఇంటికి వచ్చి గేటు బయట నిలబడ్డారు. ఎలాదియో వెనక గదిలోకి వెళ్ళిపోయాడు. నేను బయటికి వెళ్ళాను. ఫ్లోరెన్సియో భార్య క్లోరిందా ఇల్లెక్కడో చూపించమ్మా అని అడిగారు. అందరికీ తెలిసిన ఇల్లే. ఆవిడ మొగుడే అంతమందిని చంపాడని రైల్వే వాళ్ళ ఆడవాళ్ళు పదకొండేళ్ళుగా ఆ వీధిలో నడవడం మానేశారు.

వెంట వెళ్ళాను. పచ్చరంగు పోయిన చెక్క గేటు, లోపల ఆరేసిన దుప్పట్లు. మా దగ్గర గేటు బయట నిలబడి కేకేసి పిలవాలి, తలుపు దాకా వెళ్ళి తట్టకూడదు. మామగారు టోపీ సర్దుకున్నారు. నోరు తెరిచారు. గొంతులోంచి ఏమీ రాలేదు. మళ్ళీ తెరిచారు. ఊపిరి రావడం లేదు. ఆ రోజు కొమ్ము పట్టుకుని ఎలా నిలబడ్డారో నాకు కళ్ళకి కట్టింది. మనసంతా కోపంగా ఉన్నా ఒక అడుగు ఆయన దగ్గరికి జరిగాను.

ఆయన నా వైపు తిరిగారు. అప్పుడు నా నోరు మూసిన చెయ్యే, ఇప్పుడు నా మోచెయ్యి పట్టుకుంది.

నేను గేటు పట్టుకుని, సాన్ ఫెలీపేలో ద్రాక్షతోటలో అరిచినట్టు, వీధి వీధంతా వినపడేలా అరిచాను.

"దోన్యా క్లోరిందా! ఇంట్లో ఉన్నారా! బౌదీలియో మేస్త్రీ మీతో మాట్లాడటానికి వచ్చారు!"

ఇరుగుపొరుగు కిటికీలు తెరుచుకున్నాయి. లోపల గడియ తీసిన చప్పుడైంది. మామగారు టోపీ తీసి చేతిలో పట్టుకున్నారు.